బడి రిజిస్టరు నుండి కంప్యూటరు దాకా: పిల్లల వివరాలకు కాపలా ఎవరు?

బడులు తెరిచే రోజులు వచ్చాయంటే సరిహద్దు పల్లెల్లో బడిగంట కంటె ముందు జిరాక్సు యంత్రం మ్రోగుతుంది. పిల్లవాని ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, టి.సి., ఫొటోలు. వీటన్నిటి నకళ్ళూ ఒక కవరులో పెట్టి ప్రధానోపాధ్యాయుని బల్లపై ఉంచి, చూపిన చోటల్లా సంతకమో వేలిముద్రో వేసి తల్లిదండ్రులు ఇంటికి వస్తారు. ఆ కవరులోని వివరాలు తరువాత ఎక్కడికి పోతాయి, ఎవరు చూస్తారు, తప్పు పడితే ఎవరు దిద్దుతారు అన్న ప్రశ్న సాధారణంగా ఎవరూ వేయరు.

ఒకప్పుడు ఆ ప్రశ్న అవసరం కూడా అంతగా ఉండేది కాదు. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, మార్కుల జాబితా అనే మూడు పుస్తకాలు బడి బీరువాలో ఉండేవి. తాళం ప్రధానోపాధ్యాయుని వద్ద ఉండేది. నేడు అవే వివరాలు, వాటికి పదింతలు, కంప్యూటరు ద్వారా జిల్లా, రాష్ట్రం, కేంద్రం వరకు ప్రయాణిస్తున్నాయి. తెలుగు మాతృభాషగా ఉండి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర బడులలో చదివే పిల్లల విషయంలో ఈ ప్రయాణానికి మరి కొన్ని చిక్కులు ఉన్నాయి. వారి పేరు ఒక లిపిలో, బడి మరొక లిపిలో, పై చదువు బహుశా ఇంకొక రాష్ట్రంలో ఉంటాయి.

బడి ఏయే వివరాలు సేకరిస్తుంది?

దేశంలోని బడుల లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించే పని 1990ల నడుమ జిల్లా ప్రాథమిక విద్యా పథకం కాలంలో మొదలైంది. అప్పుడు సేకరించినవి బడి లెక్కలే: గదులెన్ని, ఉపాధ్యాయులెందరు, ఏ తరగతిలో ఎందరు బాలురు, ఎందరు బాలికలు అన్నంత వరకే. 2012-13 నుండి అది ‘యూడైస్’ అనే ఏకీకృత వ్యవస్థ అయింది. 2018-19లో ‘యూడైస్ ప్లస్’గా మారింది. అసలైన మార్పు 2022-23లో వచ్చింది. అంతవరకు తరగతికి ఎందరు అన్న లెక్క ఉండగా, ఆ సంవత్సరం నుండి ఒక్కొక్క విద్యార్థి పేరున విడివిడిగా వివరాలు నమోదు చేయడం మొదలు పెట్టారు. 2023-24 లెక్కల ప్రకారం దేశంలో సుమారు 14.7 లక్షల బడులలో 24.8 కోట్ల మంది విద్యార్థులు ఉన్నారు. అంత మంది పిల్లల వివరాలు ఒకే వ్యవస్థలో చేరుతున్నాయన్న మాట.

ఆ నమోదు పత్రంలో పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా, మొబైల్ నెంబరు, ఆధార్ నెంబరు, మాతృభాష, సామాజిక వర్గం, మతపరమైన మైనారిటీ వివరం, కుటుంబం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నదా లేదా, వైకల్యం ఉన్నదా, రక్తవర్గం, ఎత్తు, బరువు వంటి గళ్ళు ఉంటాయి. ప్రతి విద్యార్థికీ ‘పెన్’ అని పిలిచే పదకొండు అంకెల శాశ్వత విద్యా సంఖ్య ఇస్తారు.

దీనికి తోడు రాష్ట్రాల సొంత వ్యవస్థలు ఉన్నాయి. కర్ణాటకలో ‘శాట్స్’, తమిళనాడులో ‘ఎమిస్’, మహారాష్ట్రలో ‘సరళ్’ అనే పేర్లు ఆయా రాష్ట్రాల తల్లిదండ్రులకు పరిచితమే. ప్రైవేటు బడి అయితే ఇంకొక అడుగు ముందుకు వేసి, ఫీజులకు ఒక యాప్, హాజరుకు ఒక యాప్, బస్సుకు ఒక యంత్రం, గోడలకు కెమెరాలు పెడుతుంది. ఆ యాప్‌లను నడిపేది బడి కాదు, ఏదో నగరంలోని ఒక కంపెనీ.

ఈ సేకరణ అంతా చెడ్డదని అనడానికి వీలు లేదు. పాఠ్యపుస్తకాలు ఎన్ని ముద్రించాలి, మధ్యాహ్న భోజనానికి ఎంత బియ్యం పంపాలి, ఏ ఊరిలో ఎనిమిదో తరగతి తరువాత ఆడపిల్లలు బడి మానుతున్నారు అన్నవి లెక్కలు లేకుండా తెలియవు. వైకల్యం గల బిడ్డ వివరం నమోదు కాకపోతే ఆ బిడ్డకు రావలసిన పరికరమూ భత్యమూ రావు. కాబట్టి అవసరమైన వివరాలను సరిగా ఇవ్వడం, ఇచ్చినవి సరిగా నమోదయ్యాయో లేదో చూచుకోవడం, అవసరం లేనివాటికి కారణం అడగడం తల్లిదండ్రులు నేర్చుకోవలసిన మూడు పనులు.

లిపి మారితే పేరు మారుతుంది

సరిహద్దు బిడ్డకు మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. తమిళ లిపిలో త, థ, ద, ధ అనే నాలుగింటికి ఒకే అక్షరం. క, ఖ, గ, ఘ అన్నవాటికీ ఒకే అక్షరం. ఇంట్లో ‘దివ్య’ అని పిలిచే పాప తమిళ రిజిస్టరుకు ఎక్కి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘తివ్య’ కావచ్చు. ‘గంగాధర’ చివర ఒక ‘న్’ చేరి ‘గంగాధరన్’ కావచ్చు. తెలుగువారికి ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమే పొడి అక్షరం. కర్ణాటకలో ఊరి పేరూ తండ్రి పేరూ కలిసి వస్తాయి. ఒకే బిడ్డ పేరు ఆధార్‌లో ఒక విధంగా, బడి రిజిస్టరులో మరొక విధంగా, జనన పత్రంలో ఇంకొక విధంగా ఉండటం ఈ ప్రాంతాలలో అరుదు కాదు.

పుస్తకాల కాలంలో ఈ తేడాను గుమాస్తా కళ్ళతో చూచి అర్థం చేసుకునేవాడు. కంప్యూటరుకు ఆ లౌక్యం లేదు. ఒక్క అక్షరం కలవకపోతే ‘సరిపోలలేదు’ అంటుంది. ఉపకారవేతనం ఆగుతుంది, హాల్ టిక్కెట్టుపై తప్పు పేరు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్టు ఒకసారి ముద్రణ అయిన తరువాత పేరు దిద్దించుకోవడం పరీక్షా మండలి చుట్టూ తిరిగే పని. అదే పని ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో అయితే ప్రధానోపాధ్యాయుని స్థాయిలో తేలికగా తెమిలే అవకాశం ఉంటుంది.

పుట్టిన తేదీ సంగతీ అంతే. పూర్వం బడిలో వేసుకునేటప్పుడు అయ్యవారు అంచనాగా ఒక జూన్ తేదీ వేసేవారు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం మొదలు అన్నిటికీ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. కాన్పు కోసం సరిహద్దు దాటి పుట్టింటికి వెళ్ళిన తల్లులు ఈ విషయం గుర్తుంచుకోవాలి. జననం నమోదు అయ్యేది బిడ్డ పుట్టిన ఊరిలోనే గాని తండ్రి ఊరిలో కాదు.

మాతృభాష గడిలో ఏమి వ్రాశారు?

నమోదు పత్రంలోని గళ్ళన్నిటిలో తెలుగు కుటుంబాలు తప్పక చూడవలసినది ఒకటి ఉన్నది. అది మాతృభాష గడి. కన్నడ మాధ్యమంలో చదువుతున్నాడు గనుక కన్నడ, తమిళ మాధ్యమం గనుక తమిళం అని తొందరలో నింపే వీలు ఎప్పుడూ ఉంటుంది. మాధ్యమం వేరు, మాతృభాష వేరు. రెండింటికీ వేర్వేరు గళ్ళు ఉన్నది అందుకే.

ఈ గడికి వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం నిర్ణయించింది. బడి మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ ప్రాంతపు భాష కాక వేరొక భాష మాతృభాషగా గల పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో వారి భాషలో బోధించడానికి ఒక ఉపాధ్యాయుని నియమించాలి. 1956లో రాష్ట్రాల పునర్విభజన సమయంలో ఈ సూత్రాన్నే భాషా మైనారిటీల రక్షణలలో చేర్చారు. అదే సంవత్సరం రాజ్యాంగంలోకి వచ్చిన 350-ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సదుపాయాలు కల్పించవలసిందిగా రాష్ట్రాలకు చెబుతున్నది. 350-బి అధికరణం భాషా మైనారిటీల కోసం ప్రత్యేక అధికారిని ఏర్పరచింది.

హోసూరు, బాగేపల్లి, పావగడ, రాయగడ, సిరొంచ వంటి చోట్ల తెలుగు అయ్యవారు కావాలని అడిగినప్పుడు అధికారి మొదట చూసేది లెక్క. ఆ లెక్క బడి కంప్యూటరులో ఉన్నది. పన్నెండు మంది తెలుగు పిల్లలున్న తరగతిలో ఐదుగురి మాతృభాష మరొకటిగా నమోదైతే, కాగితం మీద ఆ తరగతికి తెలుగు ఉపాధ్యాయుని అవసరం లేనట్లే. ఇది ఎవరి పన్నాగమూ కానక్కర లేదు. చూడకుండా వేసిన సంతకం చాలు.

సరిహద్దు దాటిన పిల్లవాడు

కోలారు జిల్లాలో ప్రాథమిక విద్య, మదనపల్లెలో హైస్కూలు. గంజాం జిల్లాలో ఏడో తరగతి వరకు, ఇచ్ఛాపురంలో పది. ఇటువంటి చదువులు సరిహద్దులో సహజం. బడి మారినప్పుడు పాత బడి ఆ విద్యార్థిని యూడైస్ ప్లస్‌లో ‘బడి వదిలిపెట్టాడు’ అని నమోదు చేయాలి. అప్పుడు అతని వివరాలు ‘డ్రాప్ బాక్స్’ అనే చోటికి చేరతాయి. కొత్త బడి పెన్ సంఖ్య, పుట్టిన తేదీ ఆధారంగా అక్కడి నుండి తన జాబితాలోకి తెచ్చుకుంటుంది. పాత బడి విడుదల చేయకపోతే బిడ్డ కొత్త తరగతిలో కూర్చుని ఉన్నా కాగితం మీద పాత బడిలోనే ఉంటాడు. కొత్త బడి తెచ్చుకోకపోతే చదువుతున్న బిడ్డ బడి మానేసినవాడిగా మిగిలిపోతాడు.

ఇక్కడ ఒక హక్కును గుర్తుంచుకోవాలి. 2009 విద్యా హక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం పరిధిలోకి వచ్చే బిడ్డ వేరే బడికి, వేరే రాష్ట్రానికైనా సరే, మారదలచినప్పుడు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. టి.సి. ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశాన్ని ఆపరాదు. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతున్నది.

బడి రికార్డు విలువ బడితో తీరిపోదు. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని పై చదువులకు, ఉద్యోగాలకు స్థానికత నిర్ణయించేటప్పుడు ఏ తరగతి ఎక్కడ చదివారన్న స్టడీ సర్టిఫికెట్లు కీలకం. చిన్నప్పటి ఒక సంవత్సరం రికార్డులో తప్పిపోతే, దాని కోసం పదేళ్ళ తరువాత పాత బడికి తిరగవలసి వస్తుంది.

ఆధార్, అపార్: ఏది తప్పనిసరి?

ఆధార్ లేనిదే బడిలో చేర్చుకోమన్న మాట చాలా ఊళ్ళలో వినిపిస్తుంది. ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పు స్పష్టంగా ఉన్నది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన వ్యాజ్యంలో, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అదే వ్యాజ్యంలో 2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పు, బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదన్నది. ఆరు నుండి పదునాలుగు సంవత్సరాల పిల్లలకు విద్య రాజ్యాంగం ఇచ్చిన హక్కే గాని ప్రభుత్వం దయతో ఇచ్చే లబ్ధి కాదని ఆ తీర్పు సారాంశం. పిల్లలకు ఆధార్ తీయించడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల ఫలం నిరాకరించరాదు.

‘అపార్’ అన్నది 2020 జాతీయ విద్యా విధానం తరువాత వచ్చిన పన్నెండు అంకెల విద్యార్థి సంఖ్య. 2023 అక్టోబరులో దీని కోసం తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని కేంద్రం రాష్ట్రాలకు వ్రాసింది. మార్కుల పత్రాలు, సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో ఒకచోట చేరి, ఏ రాష్ట్రానికి వెళ్ళినా అందుబాటులో ఉంటాయన్నది దీని ఉద్దేశం. సరిహద్దు పిల్లలకు ఇది ఉపయోగపడే మాట నిజమే. అయితే ఇది ఆధార్ వివరాల ఆధారంగా ఏర్పడే సంఖ్య. పేర్లు సరిపోలకపోతే ఆగిపోతుంది. దీనికి తల్లిదండ్రుల సమ్మతి ఐచ్ఛికమని కేంద్రమే చెప్పింది. ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఏది చేసినా సమ్మతి పత్రాన్ని చదివిన తరువాతనే చేయాలి.

తెలుగులో అడిగే హక్కు

2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం ఈ రంగంలో ముఖ్యమైన మలుపు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి, పిల్లల రక్షణకు చెందిన ప్రధాన నిబంధనలు అమలులోకి రావడానికి అప్పటి నుండి 18 నెలల గడువు, అనగా 2027 మే వరకు, ఇచ్చారు.

ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్ళు నిండనివారందరూ పిల్లలే. వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి ఇచ్చినది నిజంగా తల్లిదండ్రులేనని రుజువు కూడా ఉండాలి. పిల్లల అలవాట్లను వెంటాడి గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం నిషిద్ధం. బోధనకు, పిల్లల భద్రతకు అవసరమైనంత మేరకు బడులకు ఇందులో మినహాయింపు ఉన్నది. బడి బస్సు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం అటువంటిదే. ఉపకారవేతనం, ధ్రువపత్రం వంటి వాటికి ప్రభుత్వం సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వీలు కూడా ఉన్నది. కాని బడి యాప్ నడిపే కంపెనీ పిల్లల ఫోన్ నెంబర్లను ట్యూషన్ కేంద్రానికి అమ్ముకోవడం ఏ మినహాయింపు కిందికీ రాదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పినవారికి 200 కోట్ల రూపాయల వరకు, రక్షణ ఏర్పాట్లలో విఫలమైనవారికి 250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు.

సరిహద్దు కుటుంబాలకు ఈ చట్టంలో మరొక విశేషం ఉన్నది. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చూచుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతున్నది. ఆ షెడ్యూలులోని 22 భాషలలో తెలుగు ఒకటి. ఇందులో రాష్ట్రం సరిహద్దుతో పని లేదు. కృష్ణగిరి జిల్లాలోని తల్లి అయినా, గడ్చిరోలి జిల్లాలోని తండ్రి అయినా, “ఈ కాగితం తెలుగులో చూపండి, చదివి సంతకం చేస్తాం” అని అడగవచ్చు. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలికగా వెనుకకు తీసుకునే హక్కు, తప్పును దిద్దించుకునే హక్కు, అవసరం తీరిన వివరాలను తొలగించమనే హక్కు కూడా ఉన్నాయి. అయితే చట్టప్రకారం భద్రపరచవలసిన రికార్డులకు తొలగింపు వర్తించదు. ఫిర్యాదును మొదట ఆ సంస్థకే ఇవ్వాలి. 90 రోజులలోపు అది సమాధానం చెప్పాలి. చెప్పకపోతే వివరాల రక్షణ బోర్డును ఆశ్రయించవచ్చు.

వివరాలు ఎక్కడ జారిపోతాయి?

పెద్ద కంప్యూటర్ల నుండి వివరాలు బయటపడిన సంఘటనలు లేకపోలేదు. ప్రభుత్వ విద్యా వేదిక ‘దీక్షా’కు చెందిన ఒక నిల్వ కేంద్రం సరైన రక్షణ లేకుండా తెరచి ఉండి, ఉపాధ్యాయుల, విద్యార్థుల వివరాలు బయటివారికి అందుబాటులో ఉన్న సంగతి 2023 జనవరిలో వెలుగులోకి వచ్చింది.

పల్లెలో మాత్రం ప్రమాదం ఇంకా దగ్గరలో ఉంటుంది. తరగతి వాట్సాప్ గ్రూపులో “అందరూ ఆధార్ ఫొటో పెట్టండి” అంటే వంద మంది ఫోన్లలోకి వంద ఆధార్లు చేరతాయి. నెట్ సెంటర్ కంప్యూటరులో స్కాన్ చేసిన బ్యాంకు పాసు పుస్తకం అక్కడే ఉండిపోతుంది. ఉపకారవేతనం పొందినవారి జాబితాను కులంతో, ఖాతా నెంబరుతో నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఫీజు కట్టనివారి పేర్లు తరగతిలో చదువుతారు. ఇవేవీ సాంకేతిక లోపాలు కావు, అలవాట్లు.

వీటి ఫలితాన్ని మోసగాళ్ళు అనుభవిస్తారు. బిడ్డ పేరు, తరగతి, బడి పేరు చెప్పి, “ఉపకారవేతనం మంజూరైంది, ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పండి” అని అడిగితే నమ్మని తల్లి ఎవరు? అన్ని వివరాలూ సరిగా చెబుతున్నాడు గనుకనే నమ్ముతుంది. ఏ బడీ, ఏ కార్యాలయమూ ఓటీపీ అడగదు. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోన్ చేయాలి.

కొన్ని వివరాలు బయటపెట్టడం నేరం కూడా. లైంగిక దాడికి గురైన బిడ్డను గుర్తు పట్టించే పేరు, చిరునామా, బడి పేరు వంటివి ప్రచురించరాదని 2012 పోక్సో చట్టం, 2015 బాలల న్యాయ చట్టం శాసిస్తున్నాయి. ఊరి వాట్సాప్ గ్రూపులకు కూడా ఇది వర్తిస్తుందని పెద్దలు గ్రహించాలి.

తల్లిదండ్రులు చేయదగినవి

1. ఏటా బడి తెరిచిన నెలలోనే కంప్యూటరులోని నమోదును చూపమని అడగాలి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, మాతృభాష అనే ఐదింటిని అక్షరం అక్షరం సరిచూడాలి. భాష రానిచోట చదవగలిగినవారిని వెంట తీసుకుపోవాలి.

2. తప్పు కనిపిస్తే నోటిమాటతో వదలక, వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకుని నకలు దాచుకోవాలి. తొమ్మిదో తరగతి చేరేలోగా పేర్లన్నీ ఒకటిగా ఉండేట్లు చూడాలి.

3. పెన్ సంఖ్య, రాష్ట్రపు విద్యార్థి సంఖ్య, టి.సి. నకలు, ప్రతి తరగతి మార్కుల పత్రం ఒక సంచిలో భద్రపరచాలి. బడి మారిన పదిహేను రోజులకు కొత్త బడిలో పేరు కంప్యూటరులోకి వచ్చిందా అని విచారించాలి.

4. జిరాక్సు నకలుపై తేదీ, దేనికోసం ఇస్తున్నారో వ్రాసి సంతకం చేయాలి. ఆధార్ నెంబరు పూర్తిగా అవసరం లేని చోట చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ఇవ్వవచ్చు. నెట్ సెంటర్‌లో పని ముగిశాక స్కాన్ చేసినవాటిని కళ్ళ ముందే తుడిపించాలి.

5. పత్రాల ఫొటోలు గ్రూపులో పెట్టమంటే ఉపాధ్యాయునికి నేరుగా ఇస్తామని మర్యాదగా చెప్పాలి.

6. ఖాళీ గళ్ళున్న పత్రంపై సంతకం చేయరాదు. దేనికోసం, ఎవరికి వెళుతుంది, ఎంతకాలం ఉంటుంది అన్న మూడు ప్రశ్నలు అడిగిన తరువాతనే సమ్మతి ఇవ్వాలి.

ఉపాధ్యాయులపై కోపం చూపడం వల్ల ప్రయోజనం లేదు. పాఠం చెప్పవలసిన సమయంలో రాత్రి పొద్దుపోయే దాకా ఈ గళ్ళు నింపుతున్నది వారే. తల్లిదండ్రులు సరైన కాగితం సకాలంలో ఇస్తే వారి పనీ తగ్గుతుంది, తప్పులూ తగ్గుతాయి. విద్యా హక్కు చట్టం కింద ఏర్పడిన పాఠశాల యాజమాన్య కమిటీలలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది నిబంధన. ఏటా ఒక సమావేశంలో ఈ నమోదులను సరిచూడటం కార్యక్రమంగా పెట్టుకుంటే ఊరి పిల్లలందరికీ ఒకేసారి మేలు జరుగుతుంది.

తాతల కాలంలో పొలం హద్దు రాయి కదిలిందా లేదా అని ఏడాదికొకసారి పోయి చూచేవారు. బడి కంప్యూటరులోని బిడ్డ పేరు, పుట్టిన తేదీ, మాతృభాష నేటి హద్దు రాళ్ళు. వాటిని కూడా ఏడాదికొకసారి పోయి చూచి రావాలి.